పాత పేజీ పోవాలి... రికార్డు పోకూడదు

హిందూపురం: 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది మొదలు 140 ఏళ్ళ పాటు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ప్రజలకు కలెక్టరు కచేరి అంటే అనంతపురమే. 2022 ఏప్రిల్ 4న ఆ పరిస్థితి మారింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. 63 మండలాల ఉమ్మడి జిల్లాలో 32 మండలాలు కొత్త జిల్లాకు వచ్చాయి. హిందూపురాన్నే కేంద్రం చేయాలని అప్పట్లో జరిగిన ఆందోళన, స్థానిక శాసనసభ్యుడు నందమూరి బాలకృష్ణ పట్టిన మౌనదీక్ష ప్రజలకు గుర్తున్నవే. జిల్లా సరిహద్దు మార్చడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో పాతబడే సమాచారాన్ని సరిచేయడం మాత్రం అంత తేలికైన పని కాదు.

వెబ్‌సైట్‌లో పేజీలు రాయడానికి, ఫొటోలు, పీడీఎఫ్ కాగితాలు చేర్చడానికి, వద్దనుకున్నవి తీసివేయడానికి తెరవెనుక ఉండే ఏర్పాటునే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. జిల్లాల వెబ్‌సైట్ల కోసం జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రం ‘ఎస్3వాస్’ పేరుతో ఇటువంటి ఏర్పాటునే రూపొందించింది. ఇందులో పేజీ తీయడం నిమిషం పని. ఏది తీయాలి, ఏది దాచాలి అన్నదే అసలు చిక్కు.

పాతది ఉంటే ఒక నష్టం

ధర్మవరం నేత కార్మికుల సంగతే చూద్దాం. 2019 డిసెంబరు 21న ‘నేతన్న నేస్తం’ పథకం ఈ పట్టణంలోనే ప్రారంభమైంది. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చేవారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆ పేరుతో లేదు. ఫిర్యాదుల ‘స్పందన’ మొదట ‘జగనన్నకు చెబుదాం’ అయింది, తర్వాత పి.జి.ఆర్.ఎస్. అయింది. వృద్ధాప్య పింఛను 3,000 నుంచి 4,000 రూపాయలకు పెరిగింది. పాత పేజీ అలాగే ఉండిపోతే దాన్ని నమ్మినవారు లేని పథకానికి దరఖాస్తు రాసుకుంటారు. పాత చిరునామా చూసి హిందూపురం నుంచి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోని అనంతపురానికి బస్సెక్కితే, ఆ రోజు కూలీ, బస్సు ఖర్చు రెండూ దండగే.

తీస్తే మరో నష్టం

అలాగని పాతదంతా ఊడ్చివేస్తే మరో ప్రమాదం ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కూడా ఉంచాలి. రైతు 60 రోజుల్లోగా అభ్యంతరం తెలపవచ్చు. ఆ గడువు ముగిశాక కార్యాలయానికి అది పాత నోటీసే. రైతుకు మాత్రం అది ప్రాణం. ఎందుకంటే భూమి మార్కెట్ విలువను ఆ నోటిఫికేషన్ తేదీని బట్టే లెక్క కడతారు. కియా కార్ల కర్మాగారం వచ్చిన పెనుకొండ ప్రాంతంలోనైనా, విజయవాడ ఎక్స్‌ప్రెస్ రహదారి మొదలయ్యే కొడికొండ దగ్గరైనా భూమి తేదీల విలువ రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ముగిసిన పథకాల నిబంధనలదీ అదే దారి. తనకు అర్హత ఉండీ ఒక ఏడాది డబ్బు అందలేదని నేతగాడు అడగాలంటే, ఆ ఏటి నిబంధన చూపించాలి. 2011 జనాభా లెక్కల్లో 40.81 లక్షల సంఖ్య ఉమ్మడి అనంతపురం జిల్లాది. జిల్లా విడిపోయింది కదా అని ఆ అంకె తప్పయిపోదు. అది ఏ హద్దులకు సంబంధించినదో పక్కన ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

తీశామనుకున్నా పోనివి

ఇదిలా ఉండగా, వెంటనే తీయవలసినవి కొన్ని ఉన్నాయి. లబ్ధిదారుల ఆధార్ నంబర్లు ప్రభుత్వ వెబ్‌సైట్లలో బయటపడిన ఉదంతాలు మన రాష్ట్రంలోనే జరిగాయి. 2017 మే నెలలో వెలువడిన ఒక అధ్యయనం ఉపాధి హామీ, చంద్రన్న బీమా వెబ్‌సైట్లను ఎత్తిచూపింది. 2018 ఏప్రిల్‌లో గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది వివరాలు కనిపించాయి. ఇటువంటి జాబితాలకు పాతబడే వరకు ఆగే ప్రశ్నే లేదు.

అయితే ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. పేజీ తీసివేసినంత మాత్రాన దానికి జతచేసిన పీడీఎఫ్ పోదు. చాలా వ్యవస్థల్లో అది వేరే అరలో ఉంటుంది. నేరుగా దాని చిరునామా తెలిసినవారికి తెరుచుకుంటూనే ఉంటుంది. తెలుగు పేజీ తీసి ఇంగ్లీషు పేజీ మరిచిపోవడం మరో పొరపాటు. గూగుల్ వంటి శోధన యంత్రాల్లోనూ పాత ఛాయ కొంతకాలం నిలుస్తుంది. దాన్ని తొలగించమని విడిగా కోరాలి. ఇందుకు విరుద్ధమైన చిక్కూ ఉంది. వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థల్లో చెత్తబుట్టలో వేసిన పేజీ మామూలుగా 30 రోజులకు శాశ్వతంగా చెరిగిపోతుంది. ఆ తర్వాత పొరపాటు తెలుసుకున్నా ఫలితం ఉండదు.

పాత కచేరీ పద్ధతే మేలు

విశేషమేమంటే, ఈ చిక్కుకు విరుగుడు మన రెవెన్యూ కచేరీల్లో మద్రాసు ప్రభుత్వ కాలం నుంచే ఉంది. ముగిసిన ప్రతి ఫైలుకూ గుమాస్తా ఒక గుర్తు వేసేవాడు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది, డి.డిస్. పదేళ్ళు, కె.డిస్. మూడేళ్ళు, ఎల్.డిస్. ఒక్క ఏడాది. గడువు తీరకుండా ఏ కట్టా రికార్డు గది దాటేది కాదు. కాగితానికి ఉన్న ఈ కట్టుబాటు వెబ్ పేజీకి ఎందుకు ఉండరాదు?

నిబంధనలు లేకపోలేదు. కేంద్రం 2009లో వెలువరించి, 2023లో మూడో కూర్పుగా సవరించిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు సమాచార సమీక్షకు, పాతవాటిని భద్రపరచడానికి ప్రతి శాఖకూ విధానం ఉండాలని చెబుతున్నాయి. రికార్డులను వరుసక్రమంలో భద్రపరచాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఆదేశిస్తోంది.

చేయవలసినదేమిటి?

పేజీ మీద చేయి వేసేముందు మొత్తం వెబ్‌సైట్‌కు నకలు తీసుకోవాలి. ఆ నకలు తిరిగి పనిచేస్తుందో లేదో ఒకసారి సరిచూసుకోవాలి. తర్వాత పేజీలను నాలుగు కట్టలుగా విడదీయాలి. సరిదిద్దవలసినవి, తేదీ ముద్రతో పాతవాటి విభాగానికి పంపవలసినవి, కొత్త పేజీకి మళ్ళించవలసినవి, పూర్తిగా తొలగించవలసినవి. నాలుగో కట్టలో వ్యక్తుల రహస్య వివరాలున్న కాగితాలు, రెండేసి సార్లు ఎక్కినవి తప్ప మరేవీ ఉండకూడదు. అటువంటి జాబితాను కూడా ముందు ప్రజల కంటికి కనబడకుండా చేసి, అసలు ప్రతిని కార్యాలయంలో భద్రపరచి, ఆ తర్వాతే చెరిపివేయాలి.

తీయమని రాసేవారు ఒకరు, అనుమతించేవారు మరొకరు ఉండడం క్షేమం. ఏ పేజీ, ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుపై తీశారో రిజిస్టరులో నమోదు కావాలి. పాత చిరునామాకు వచ్చినవారికి ఖాళీ తెర కాక, ‘ఈ సమాచారం ఫలానా చోట ఉంది’ అన్న మాట కనిపించాలి. పోటీ పరీక్షల పుస్తకాల్లో, పంచాయతీ గోడల మీద ఇంకా ఆ చిరునామాలే ఉంటాయి.

జిల్లాలు మారుతాయి, పథకాల పేర్లు మారుతాయి. వాటితోపాటు ప్రజల హక్కుకు ఆధారమైన కాగితం కూడా మాయం కాకూడదు. మండల కార్యాలయం గుమాస్తాకు ఎల్.డిస్. ఫైలు చించడానికే గడువు, అనుమతి కావాలి. ఊరందరి నోటీసును ఒక్క మీటతో చెరిపేవారికి కూడా కనీసం అంతపాటి నిబంధన విధించడం జిల్లా యంత్రాంగం చేతిలోని పనే.