కలుపు మందు పత్తి: నేలకు చేటు, కూలికి ఎసరు

నేలంటే ఒట్టి మన్ను కాదు. చిటికెడు మట్టిలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి. రాలిన ఆకునూ, ఎండిన వేరునూ ఎరువు చేసేవి అవే. పప్పుజాతి పైర్లకు గాలిలోని నత్రజనిని అందించేవీ, మట్టిలో బిగుసుకున్న భాస్వరాన్ని కరిగించేవీ అవే. కూలి అడగని కూలీలన్నమాట. జన్యుమార్పిడి పంటలు వీటినేం చేస్తున్నాయి?

ఇక్కడ రెండు రకాలను కలగాపులగం చేయకూడదు. మొదటిది, 2002లో కేంద్రం అనుమతించిన బీటీ పత్తి. కాయతొలుచు పురుగును చంపే విషాన్ని ఈ మొక్కే తయారు చేసుకుంటుంది. బీటీ మొక్కజొన్న వేళ్ల నుంచి ఇలాంటి విషం మట్టిలోకి ఊరుతుందని 1999లో అమెరికా శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అయితే తర్వాతి పరీక్షల్లో ఎక్కువ భాగం సూక్ష్మజీవులకు పెద్ద చేటు కనబడలేదనే చెప్పాయి. ఉన్నమాట ఉన్నట్టు చెప్పుకోవాలి. లేని దయ్యాన్ని చూపిస్తే ఉన్న దొంగ తప్పించుకుంటాడు.

ఆ దొంగ రెండో రకంలో ఉన్నాడు. కలుపు మందును తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. అయినా బీజీ-3 పేరుతో చాటుమాటుగా అమ్ముతున్నారు. ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఇది సాగవుతోందని 2017లో కేంద్రం వేసిన కమిటీయే తేల్చింది. గ్లైఫోసేట్ పడితే మామూలు పత్తి చస్తుంది, ఇది చావదు. కాబట్టి పైరు మీదనే చేనంతా కొడతారు. మొక్కలో ఈ మందు దెబ్బతీసే ఎంజైము మట్టిలోని అనేక బాక్టీరియాల్లో, శిలీంధ్రాల్లో కూడా ఉంది. కొన్ని జాతులు దెబ్బతింటాయి, కొన్ని ఆ మందునే తిని పెరుగుతాయి. నేలలో సమతూకం మారుతుంది. ఇది మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో చెప్పింది. పంపు వీపున మోసేదెవరు? మన కూలీలే.

కలుపు తీత ఆడకూలీలకు ప్రధానమైన పని. పదిమంది రోజంతా చేసే పనిని ఒక పంపు మింగేస్తుంది. అలాగని చిన్నరైతును తిట్టి లాభం లేదు. పంటకు గిట్టుబాటు ధర దక్కనివాడు ఖర్చు ఎక్కడ తగ్గుతుందా అని చూస్తాడు. లాభం విత్తనమూ, మందూ రెండూ అమ్మేవాడిది. రౌండప్ పేరుతో గ్లైఫోసేట్ అమ్మిన మోన్‌శాంటోయే దాన్ని తట్టుకునే విత్తనాలనూ తయారుచేసింది. 2018లో ఆ కంపెనీని బేయర్ కొనేసింది.

చీడల నివారణ లైసెన్సున్నవాళ్లు తప్ప మరెవరూ గ్లైఫోసేట్ వాడరాదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉంటే చాలదు. మేం అడిగేవి ఇవి: అక్రమ విత్తనం అమ్మే వ్యాపారులపై కేసులు పెట్టాలి, రైతులపై కాదు. నల్లరేగడిలో, ఎర్రనేలల్లో వేర్వేరుగా వ్యవసాయ విశ్వవిద్యాలయాలతో మట్టి పరీక్షలు చేయించి, ఫలితాలు తెలుగులో గ్రామసభల ముందు పెట్టాలి. పత్తికి గిట్టుబాటు ధర, కలుపు తీతకు న్యాయమైన కూలి దక్కాలి. ఈ డిమాండ్లపై రైతూ కూలీ ఒక్కటిగా నిలవాలి. నేల చచ్చినా, పని పోయినా ముందు పస్తులుండేది మనమే.