ఆరిన తరువాతే మరో పూత

రమజాన్ మాసానికి ముందు ఇల్లు శుభ్రపరచి, గోడలకు సున్నమో రంగో వేసుకోవడం మన కుటుంబాలలో అనేకుల ఆనవాయితీ. ఈ నడుమ ఆ పనుల జాబితాలో మరొకటి చేరింది. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలలో రేకుల ఇళ్ళవారు వేడి తగ్గడానికీ, డాబా ఇళ్ళవారు అందానికీ జిప్సం బోర్డులతో సీలింగు వేయించుకుంటున్నారు. కొంతకాలానికి బోర్డుల అతుకుల వెంట సన్నని గీతలు తేలుతాయి. అంత చిన్న పనికి పనివారు దొరకడం కష్టం. గృహస్థుడే ఈ విద్య నేర్చుకోవచ్చునా? నిస్సంశయంగా నేర్చుకోవచ్చును. అయితే చేతికి బ్లేడు ఇవ్వకముందు కంటికి పని చెప్పాలి.

జిప్సం ఒక ఖనిజం. దాని బరువులో సుమారు అయిదో వంతు, లోపల బంధింపబడి ఉన్న నీరే. వేడిచేసి ఆ నీటిలో అధికభాగాన్ని తొలగిస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది. ఆ పొడికి నీరు కలిపితే తిరిగి గట్టిపడి జిప్సం అవుతుంది. దానిని మందపాటి కాగితాల నడుమ పలకగా పోసినదే బోర్డు. ఇటువంటి పలకకు 1894లో అమెరికాలో అగస్టీన్ సాకెట్ పేటెంటు పొందాడు. లోపల బంధింపబడిన నీరు బోర్డుకు బలం. వెలుపలి నుండి చేరే నీరు దానికి శత్రువు. తడిసిన బోర్డు మెత్తబడి, బరువెక్కి, కిందికి జారుతుంది.

నీటి బలం ఎంతటిదో దివిసీమ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ నేల మరువలేదు. ఊళ్ళను ముంచిన నీటిని ఎరిగిన మనం, రేకు మేకు పక్కనుండి బొట్టుబొట్టుగా దిగే నీటిని మాత్రం చిన్నచూపు చూస్తుంటాం. కనుక మొదట పరీక్షించండి. మరక లేకుండా అతుకు వెంట తిన్నగా సాగిన గీత అయితే అది బోర్డుల కదలిక వలన వచ్చినది, మీరే సరిచేసుకోవచ్చు. పసుపు లేక గోధుమ రంగు మరక ఉన్నా, వేలితో నొక్కితే మెత్తగా ఉన్నా, బోర్డు కిందికి వంగినా పుట్టీ జోలికి పోకండి. దాని కింద పిల్లల పడకలు తీసివేయండి, ఆ సీలింగు దీపాలకు కరెంటు ఆపించండి, పైకప్పు కారడాన్ని ముందు మాన్పించండి. మరకను పూతతో కప్పడం రోగాన్ని దుప్పటితో కప్పడమే.

ఇక పని విధానం. వదులైన పాత పూతను గీకి, ధూళి తుడవండి. గోడలకు వాడే సిమెంటు పుట్టీ ఇక్కడ తగదు. బోర్డుల కొరకే అమ్మే జాయింటింగ్ కాంపౌండును గట్టి పెరుగువలె కలుపుకోండి. అతుకు వెంట పలుచగా పూసి, దానిమీద కాగితపు టేపును సరిగ్గా మధ్యగా పరచి, బ్లేడుతో మెల్లగా నొక్కుతూ లాగండి. టేపు కింద కాంపౌండు లేనిచోట గాలి నిలుస్తుంది. ఆ చోటే రేపు లేస్తుంది. అది ఆరిన పిదప ఇరువైపులా మరింత వెడల్పుగా రెండో పూత, అదీ ఆరాక సుమారు అడుగు వెడల్పున మూడో పూత వేయండి. ప్రతి పూత అంచు పలుచనై బోర్డులో కలిసిపోవాలి. అతుకును దాచేది మందం కాదు, వెడల్పు.

కొత్తవారు తడబడేది ఆరబెట్టడంలోనే. ఒక్క పూటలో ముగించాలని మందంగా పూస్తే లోపలి తడి ఆరుతూ పూత కుంచించుకొని చిట్లుతుంది. పొడి దినాలలో పూతకూ పూతకూ నడుమ ఒక రోజు చాలవచ్చు. సముద్రపు గాలిలో చెమ్మ నిండిన దినాలలో రెండు మూడు రోజులైనా ఆగాలి. నల్లబారిన మచ్చలు పోయి అంతటా ఒకే తెలుపు వచ్చిందా అన్నదే గుర్తు. పెడన కలంకారీ పనివారు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపిన బట్టను ఆరనిచ్చిన తరువాతనే అచ్చు వేస్తారు. మన జిల్లాకు ఈ ఓర్పు కొత్త కాదు.

చివరగా గరుకు కాగితంతో తేలికగా రుద్ది, దీపాన్ని పక్కనుండి చూపితే ఎత్తుపల్లాలు కనబడతాయి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు ధరించండి. తడి స్పాంజితో రుద్దితే ధూళి ఇంకా తగ్గుతుంది. ప్రైమర్ వేసిన పిదపనే రంగు వేయండి. పైనున్నవి ఆస్బెస్టాస్ సిమెంటు రేకులైతే వాటిని మాత్రం కోయకండి, రుద్దకండి. వాటి నారలు ప్రాణాంతక వ్యాధులకు కారణమవుతాయి.

ఒక్క అతుకును స్వహస్తాలతో పూర్తిచేసినవారికి మెడ నొప్పి తెలుస్తుంది, దినమంతా తల పైకెత్తి పనిచేసే కార్మికుని శ్రమ విలువ తెలుస్తుంది. ఆపై అతని కూలి వద్ద బేరమాడటానికి నోరు రాదు. పూత ఆరేవరకు ఆగడం మన విధి. కూలివాని చెమట ఆరేవరకు ఆగకుండా ఉండటం ప్రవక్త (స) మనకు నేర్పిన విధి.