కాశీలో ఉప్మా

కార్తీకము మొదలుకొని మాఘము వరకు మన జిల్లాలనుండి కాశీ, గయ, పూరీ క్షేత్రములకు బయలుదేరు యాత్రాబస్సులలో ఆవకాయ జాడీ, గ్యాసు పొయ్యి, బియ్యపు బస్తాలు, వంటమాస్టరు ముందుగా ఎక్కిన పిమ్మటనే యాత్రికులెక్కుదురు. ఇందు పరిహాసమునకు చోటులేదు. చక్కెరవ్యాధిగల వృద్ధులకును, ఉల్లి ముట్టని నిష్ఠాపరులకును, అర్ధరాత్రి సత్రము చేరినను వేడి పప్పన్నము వడ్డించు ఆ వంటవాడు ప్రాణదాతయే. 1830లో చెన్నపట్టణమునుండి సపరివారముగా కాశికేగిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సైతము ఏ మజిలీలో ఏ వస్తువు దొరకునో శ్రద్ధతో వ్రాసియుంచిరి. ఆయన ఊరూర విచారించిరి. నేటి బస్సు ఆ విచారణయే అక్కరలేకుండ చేసినది.

తెలుగువారి నాలుకకు పరదేశపు వంట రుచింపదని టూరు నడుపువారు చెప్పుదురు. నా మట్టుకు నాకు దోషము నాలుకది కాదు, గడియారముది అని తోచును. కాశిలో ఠఠేరీ బజారు సందులలో ప్రాతఃకాలమున, మినపపప్పు ముద్దను పొదిగి వేచిన కచోరీలు, వాటిపై పలుచని బంగాళాదుంప కూర, ప్రక్కన జిలేబీ, ఆకుదొప్పలో చేతికి వచ్చును. నిలుచుండియే తినవలెను, ఏమరినచో కూర దొప్ప అడుగునుండి మణికట్టు దాక కారును. చలికాలమున మాత్రమే, అదియు ఎండ ఎక్కువరకు మాత్రమే దొరకు మలయ్యో మరియు సుకుమారము: కాచిన పాలను రాత్రి ఆరుబయట మంచులోనుంచి, తెల్లవారుజామున చిలికి, తేలిన నురుగునకు కుంకుమపువ్వు, ఏలకులు చేర్చి మట్టిముంతలలో నింపి యిత్తురు, నోట వేసికొనినంతనే అది పరిమళము మాత్రము మిగిల్చి మాయమగును. ఆ వేళకు మనవారు గంగాస్నానము ముగించి, సత్రపు వసారాలో పళ్లెములు పట్టుకొని ఉప్మాకై వరుసలో నిలిచియుందురు.

దారిలోని ఢాబాలను గూర్చి వ్రాయను. బస్సు అచట ఆగుటకు కారణము వంట కాదని యాత్రికులెల్లరు ఎరుగుదురు.

కావున క్షేత్రమునకొక పూట పొయ్యి వెలిగింపకుండుట మేలు; బయట తినజాలనివారికి అటుకులు, పెరుగు ఉంచిన చాలును. అయితే ఏబదిమందియు ఒక్కుమ్మడి ఒకే అంగడిపై పడినచో అమ్మువానికిని తినువానికిని సుఖముండదు, నలుగురైదుగురుగా విడిపోవలెను. సత్రపు గుమాస్తాను "ఇచట ఏ హోటలు మంచిది?" అని అడిగినచో పెద్దవీధిలోని బోర్డు చూపును, "తమరెచట తిందురు?" అని అడిగినచో సందులోనికి దారి చెప్పును.

పూరీలో ఈ శ్రమయు అక్కరలేదు. కట్టెపొయ్యిపై కుండమీద కుండ పేర్చి వండిన అన్నము, కూరగాయలు కలిపిన పప్పగు దాల్మా, నేతివాసనతో తీయని కణికా, జగన్నాథునకును తరువాత విమలాదేవికిని నివేదితములై, శ్రీమందిర ప్రాకారములోని ఆనందబజారున మహాప్రసాదముగా విక్రయమగును. ఏ కులమువారైనను ప్రక్కప్రక్కన నేలపై కూర్చుండి ఆరగింతురు. బంగాళాదుంప, టమాటా ఆ వంటశాల ఎరుగదు. అవి లేని లోటు తినువానికి తెలియదు. కాని నైవేద్యము ముగిసి కుండలు బజారుకు వచ్చు మధ్యాహ్నపు వేళకే మన డ్రైవరు కోణార్కకు హారను మ్రోగించును. 13వ శతాబ్దపు ఆ సూర్యాలయము పూరీకి సుమారు 35 కిలోమీటర్ల దూరముననే యున్నది. భోజనము చేసి మూడు గంటలకు బయలుదేరినను వెలుగుండగనే చేరవచ్చును.