వెతకడం వేరు, తేల్చేయడం వేరు

2022 జులై 25, సోమవారం. విశాఖ ఆర్కే బీచ్‌లో ఒక యువతి కనిపించకుండా పోయింది. ఆ రోజు వాళ్ల పెళ్లిరోజు. భర్తతో కలిసి సింహాచలం వెళ్లి అప్పన్న దర్శనం చేసుకుని, సాయంత్రం బీచ్‌కి వచ్చింది. భర్త కాసేపు ఫోన్ చూసుకుని తలెత్తేసరికి పక్కన లేదు. కెరటం లాక్కెళ్లిపోయిందనుకున్నారు. గజ ఈతగాళ్లు దిగారు, కోస్ట్‌గార్డ్ వచ్చింది, నౌకాదళం హెలికాప్టర్ కూడా ఎగిరింది. గాలింపుకి కోటి రూపాయల దాకా ఖర్చయిందని తర్వాత నగర డిప్యూటీ మేయర్ చెప్పారు.

ఈ కేసులో నేను కూడా ఒక డిటెక్టివ్‌నే. బీచ్‌కి ఎనభై కిలోమీటర్ల దూరంలో, నర్సీపట్నంలో మా మేడ మీద గదిలో కూర్చుని.

అప్పుడు వర్క్ ఫ్రం హోమ్. ఒక పక్క ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి, ఇంకో పక్క మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో దర్యాప్తు. నా ఉద్యోగమే లాగ్‌లు చూసి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. అందుకని మిగతావాళ్ల కన్నా నాకు కాస్త నమ్మకం ఎక్కువ. గుడి ఎన్నింటికి, బీచ్ ఎన్నింటికి, పోలీసులకి చెప్పింది ఎన్నింటికి అని టీవీ స్క్రోలింగ్ చూసి ఎక్సెల్‌లో రాసుకున్నాను. చివరికి గ్రూపులో ఒక మాట పెట్టాను: 'పక్కన మనిషి మాయమైనా తెలియనంతసేపు ఫోన్ చూస్తాడా ఎవడైనా? నాకైతే ఆ భర్త మీదే డౌటు.'

బొటనవేళ్లు పడ్డాయి. ఒకడు 'కరెక్ట్ పాయింట్ మావా' అన్నాడు. నాకు మహా గర్వంగా అనిపించింది.

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర అమ్మ తన ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చదివి వినిపించింది. మా పిన్ని పంపిందట. 'పోలీసు వర్గాల సమాచారం ప్రకారం భర్తపైనే అనుమానాలు' అని ఉంది. కింద ఉన్న వాక్యం నాది. ఆ ఫోన్ చూసే మాట, అక్షరం పొల్లు పోకుండా. నా మేడ గదిలో పుట్టిన అనుమానం ఒక్క రోజులో ఊళ్లు తిరిగి, పోలీసు టోపీ పెట్టుకుని మా ఇంటికే వచ్చింది. 'ఇది నేను రాసిందేనమ్మా' అని నవ్వుతూ అన్నాను. అమ్మ నవ్వలేదు. 'ఆ పిల్లాడు నీకేటి చేశాడ్రా?' అంది. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

27న అసలు విషయం బయటపడింది. ఆ యువతి క్షేమంగా ఉంది. తన ఇష్టంతోనే వేరే వ్యక్తితో వెళ్లి, బెంగళూరులో ఉన్నానని ఇంట్లోవాళ్లకి తనే మెసేజ్ పంపింది. గ్రూపులో ఒక్క నిమిషం మౌనం. ఆ తర్వాత అదే గ్రూపు, అవే బొటనవేళ్లు, ఈసారి ఆమె మీద పడ్డాయి. మీమ్‌లు, తిట్లు, 'నేను ముందే చెప్పాను' అనేవాళ్లు. రెండు రోజులు హంతకుడిలా చూసిన మనిషికి ఎవరైనా సారీ చెప్పారా అంటే లేదు. నేనూ చెప్పలేదు. వెనక్కి వెళ్లి నా మెసేజ్ తీసేద్దామని చూశాను. అందరికీ డిలీట్ చేసే గడువు దాటిపోయింది. నా ఫోన్‌లో మాత్రమే చెరిగింది.

మూర్ఖత్వం వల్లే మనం ఇలా చేస్తామని నేననుకోను. ఆడపిల్ల కనిపించడం లేదంటే ప్రతి ఇంట్లోనూ గుండె ఝల్లుమంటుంది. ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. పైగా చేయాల్సినవాళ్లు చేయని సందర్భాలు మనం చూశాం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఆ వెటర్నరీ డాక్టర్ కనిపించకుండా పోయినప్పుడు, కుటుంబం పోలీస్ స్టేషన్‌కి వెళితే మా పరిధి కాదన్న మాట ఎదురైంది. తర్వాత ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. 'ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది, పొద్దున్నే వచ్చేస్తుంది' అనే మాట స్టేషన్ బల్ల ముందు విన్న తల్లిదండ్రులు మన చుట్టుపక్కల కూడా ఉంటారు. ఆ బల్ల దగ్గర జవాబు దొరకనప్పుడు జనం ఫోన్ అందుకుంటారు. అందులో తప్పేమీ లేదు.

నిజానికి మామూలు జనం వల్ల కేసు ముందుకి కదిలిన సందర్భాలున్నాయి. 2021లో అమెరికాలో వ్యాన్‌లో దేశం చూడ్డానికి బయల్దేరిన 22 ఏళ్ల అమ్మాయి కనిపించకుండా పోయింది. దేశమంతా డిటెక్టివ్‌లైపోయారు. వాళ్లలో బస్సులో కాపురం పెట్టి ఊళ్లు తిరుగుతూ వీడియోలు తీసే ఒక కుటుంబం ఉంది. వ్యోమింగ్ రాష్ట్రంలో ఆగస్టు 27న తాము తీసుకున్న వీడియోలు తిరగేస్తే, రోడ్డు పక్కన ఆగి ఉన్న ఆ తెల్ల వ్యాన్ కనిపించింది. ఆ సంగతి ఎఫ్‌బీఐకి చేరవేశారు. సెప్టెంబరు 19న ఆ చుట్టుపక్కలే ఆమె మృతదేహం దొరికింది. లక్షల మంది ఊహల మధ్య పనికొచ్చింది ఆ ఒక్క వీడియో. ఎందుకంటే వాళ్లు చెప్పింది చూసిన సంగతి, ఊహించింది కాదు.

ఇదే అమెరికాలో 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. అప్పటికి నెల రోజుల ముందు నుంచి భారత సంతతి కుర్రాడొకడు కనిపించడం లేదు. వాళ్లింట్లోవాళ్లు ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టి వెతుక్కుంటున్నారు. ఎఫ్‌బీఐ విడుదల చేసిన అనుమానితుడి ఫొటోలో పోలికలు కనిపెట్టి, బాంబు పెట్టింది వీడేనని రెడిట్‌లో జనం తేల్చేశారు. కొడుకు కోసం పెట్టిన పేజీ నిండా తిట్లు. తీరా అసలు నిందితులు వేరు. ఆ కుర్రాడి శవం ఏప్రిల్ 23న నదిలో దొరికింది. బాంబులు పేలడానికి ముందే చనిపోయాడు. రెడిట్ నిర్వాహకులు ఆ కుటుంబానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కొడుకు పోయి, వాడి మీద ఆ నింద కూడా మోసిన తల్లికి ఆ క్షమాపణ ఏపాటిది?

అంత దూరం ఎందుకు, 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ శివార్లలో ఘట్‌కేసర్ గుర్తుందా? ఫార్మసీ చదివే అమ్మాయి, ఆటోవాళ్లు ఎత్తుకెళ్లారని ఇంటికి ఫోన్ చేసింది. సోషల్ మీడియా మండిపోయింది. ఆటో డ్రైవర్లని తీసుకెళ్లి ప్రశ్నించారు. మూడు రోజులకి సీసీ కెమెరాలన్నీ జల్లెడ పట్టిన పోలీసులు, కిడ్నాప్ జరగనే లేదని, ఆ కథ అల్లిందని చెప్పారు. వెంటనే ఆ మంట దిశ మార్చుకుని ఆ అమ్మాయి మీదికి వెళ్లింది. మొదటి ఫోన్ చేసిన రెండు వారాలకి ఆమె ప్రాణం తీసుకుంది. ఎందుకు అలా చేసిందో నేను మళ్లీ తేల్చబోవడం లేదు. ఆ పద్నాలుగు రోజులూ ఒక పందొమ్మిదేళ్ల పిల్ల గురించి వేలమంది ఏం రాశారో మాత్రం నాకు గుర్తుంది.

చేతిలో అన్నీ ఉన్నవాళ్లే పొరబడతారు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. పోలీసులు ఒక యువకుణ్ని పట్టుకున్నారు. 2010లో కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతణ్ని నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. ల్యాబులు, సాక్షులు, లాయర్లు, జడ్జీలు ఉన్న చోటే ఇలా జరిగితే, చేతిలో ఒక స్క్రీన్‌షాట్ పెట్టుకుని పావుగంటలో తీర్పు చెప్పే మన సంగతేంటి?

ఒక సాఫ్ట్‌వేర్ వాడిగా ఇంకో మాట. మన డిటెక్టివ్‌లు ఆధారాలనుకునే వాటిలో సగం ఆధారాలు కావు. 'ఫోన్ స్విచాఫ్ వస్తోంది, కావాలనే ఆపేశారు' అంటారు. ఛార్జింగ్ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా దాదాపు అలాంటి మాటే వినిపిస్తుంది. మా ఊరి నుంచి లంబసింగి ఘాట్ ఎక్కినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 'టవర్ లొకేషన్ ఫలానా చోట చూపించింది' అంటారు. టవర్ లొకేషన్ మ్యాప్ మీద చుక్క కాదు, ఆ టవర్ చుట్టూ ఒక ప్రాంతం. టవర్లు దూరదూరంగా ఉన్న చోట అది కిలోమీటర్లు కూడా ఉండొచ్చు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఎప్పుడు, ఎక్కడ తీశారో చూసి చెబుతామంటారు. మామూలుగా ఫొటో పంపితే ఆ వివరాలు దారిలోనే పోతాయి.

మరి చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కర్లేదు. వెతకడానికి మనకి చాలా పనులున్నాయి.

మొదటిది సీసీ కెమెరా. మన వీధుల్లో, కొట్ల ముందు, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర ఇప్పుడు కెమెరా లేని చోటు తక్కువ. కానీ ఆ డీవీఆర్ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది రాసేస్తుంది. డిస్క్ సైజుని బట్టి కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. పోలీసులు వచ్చేసరికి కావాల్సిన రోజు చెరిగిపోయి ఉండొచ్చు. మీ వీధిలో ఎవరైనా కనిపించకుండా పోయారని తెలిస్తే, అడగక ముందే ఆ రోజు రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టండి. ఇంకొకటి, డీవీఆర్ గడియారం ఫోన్ గడియారంతో కలుస్తోందో లేదో చూసి, తేడా ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసి పెట్టండి. పది నిమిషాల తేడా నిర్దోషిని కూడా ఇరికించగలదు. ఆ పెన్‌డ్రైవ్ వెళ్లాల్సింది స్టేషన్‌కి. గ్రూపులోకి కాదు.

రెండోది, ఆ ఇంటివాళ్లకి తోడు వెళ్లడం. 24 గంటలు ఆగి రమ్మనే నియమం ఏ చట్టంలోనూ లేదు. నేరం జరిగిందన్న అనుమానం ఉంటే, మా పరిధి కాదని పంపేయడానికీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అదే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 112కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. స్టేషన్ గుమ్మం తొక్కని ఇంటికి, చదువుకున్నవాడొకడు పక్కన నిలబడి ఈ రెండు ముక్కలు మాట్లాడితే, మన వంద థియరీల కన్నా మేలు.

మూడోది, ఫార్వర్డ్ చేసే ముందు తేదీ, స్టేషన్ పేరు ఉన్నాయో లేదో చూడటం. లైంగిక నేరం జరిగిందని తెలిసిన క్షణం నుంచి ఆ అమ్మాయి పేరు, ఫొటో పంచడం ఆపేయాలి. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద దానికి రెండేళ్ల దాకా జైలు ఉంది.

ఇంకొక్క సంగతి. పద్దెనిమిది నిండిన అమ్మాయి తన ఇష్టంతో ఇల్లు విడిచి వెళ్లి ఉండొచ్చు. అది ఇంట్లోవాళ్లకి కష్టం కలిగించొచ్చు, మనకి నచ్చకపోవచ్చు. కొన్నిసార్లు ఆ ఇంట్లోంచి తప్పించుకోవడానికే వెళ్లి ఉండొచ్చు కూడా. ఆమె క్షేమంగా ఉందో లేదో తెలియడం వరకే ఊరికి హక్కు. ఎక్కడుంది, ఎవరితో ఉంది అన్నది ఊరి పని కాదు.

మొన్నామధ్య మా ఊరి గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. 'ఈ అమ్మాయి కనిపించడం లేదు, దయచేసి షేర్ చేయండి.' తేదీ లేదు, స్టేషన్ పేరు లేదు. అప్పటికే ఇద్దరు 'అబీద్ సెంటర్లో చూసినట్టుంది' అన్నారు. ఒకాయన 'లవ్ మేటర్ అయ్యుంటుంది' అని తేల్చేశాడు కూడా. ఫొటో కింద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. పెద్దాయనెవరో ఎత్తారు. నేను విషయం చెప్పక ముందే, అలవాటైపోయిన గొంతుతో, 'దొరికింది బాబూ. రెండేళ్లయింది. ఆ రోజు రాత్రే వచ్చేసింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఆ ఫొటో తీయించెయ్యి నాయనా, దణ్ణం పెడతాను' అన్నారు.

గ్రూపులో ఆ మాట రాశాను. అడ్మిన్ ఫొటో తీసేశాడు. ఆ ఒక్క గ్రూపులో పోయింది. ఇంకెన్ని గ్రూపుల్లో ఆ పిల్ల ఇంకా కనిపించకుండానే ఉందో.