ఎర్ర లైటు మన కూటికే ఎసరు పెడుతోంది!

అమీర్‌పేట, పంజాగుట్ట, ఎస్.ఆర్. నగర్, బల్కంపేట గల్లీల్లో సౌండ్ పెట్టే డీజే అన్నలకు, తమ్ముళ్లకు! డబ్బాలు మోసే హెల్పర్లకు! బయానా ఇచ్చి బుక్ చేసే పెళ్లివారికి, కమిటీ పెద్దలకు!

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర చేతిలో పెట్టే కాగితం అంటే జావా కోర్సు, డెమో క్లాసు, ఫీజులో తగ్గింపు. ఇది ఆ కాగితం కాదు. మెట్రో మెట్ల మీద పారేయకుండా జర చదవండి. మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో సాప్ నుంచి డేటా సైన్స్ దాకా నేర్పని విద్య లేదు. డీజే సాఫ్ట్‌వేర్‌లో గెయిన్ నాబ్ ఎంతవరకు తిప్పాలో చెప్పే బోర్డు మాత్రం కనపడదు. ఆ పని మనకు మనమే చేసుకోవాలి.

డీజే నిషేధం మన మీదకు ఎట్లా వచ్చింది?

2024 సెప్టెంబర్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు దాదాపు వెంటవెంటనే జరిగాయి. హైదరాబాద్ నలుమూలల నుంచి ఫిర్యాదులు పోయాయి. అక్టోబర్ మొదటికల్లా అప్పటి పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ ఉత్తర్వు బయటికొచ్చింది: మతపరమైన ఊరేగింపుల్లో డీజే బంద్. మిక్సర్లు, ఆంప్లిఫయర్లు, పటాకులు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. నిజాం కాలపు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ, దానికి ఆధారం. డీసీఎం వ్యాను మీద డబ్బాలు కట్టి బతికే వాళ్లకు ఆ సీజన్ నుంచి పెద్ద దెబ్బ.

అప్పటినుంచి చాయ్ హోటల్లో కూర్చుని మనం పోలీసులను తిడుతూనే ఉన్నాం. తిట్టే ముందు ఒక్క ప్రశ్న. ఆ ఊరేగింపుల్లో మన కంట్రోలర్ మీద, మిక్సర్ మీద, ఆంప్లి మీద ఎర్ర లైట్లు ఎన్ని గంటలు ఆరకుండా వెలిగాయి? జనం 'సౌండ్ ఎక్కువైంది' అన్నారు. మేం అనేది, అందులో సగం పగిలిన సౌండ్. శుభ్రంగా వచ్చే సౌండ్ పెద్దదైనా చెవి కొంత ఓర్చుకుంటుంది. చీలిన సౌండ్ అందులో సగం ఉన్నా తలనొప్పి తెస్తుంది. చట్టం రెండింటినీ వేరు చేసి చూడదు. డెసిబెల్ చూస్తుంది, కేసు రాస్తుంది. తేడా తెలియాల్సింది మనకు.

బల్కంపేట ఎల్లమ్మ బోనాల్లో డప్పు కొట్టేవాడికి చేయి నొప్పెడితే కాసేపు ఆగుతాడు. ఆంప్లికి నొప్పి తెలియదు. దానికి బదులు నొప్పి పడాల్సినవాడు ఆపరేటరే.

సున్నా మీద ఏమీ లేదు!

లాప్‌టాప్ లోపల సౌండ్‌కు ఒక పైకప్పు ఉంది. దాని పేరు సున్నా డీబీ. పాత టేపుల కాలంలో సూది కొంచెం ఎర్రలోకి పోయినా టేపు సర్దుకునేది. డిజిటల్‌లో ఆ సర్దుబాటు లేదు. సున్నా దాటిన ముక్క అక్కడికక్కడే తెగిపోతుంది. గుండ్రంగా లేచి దిగాల్సిన అల పైన చదునవుతుంది. క్లిప్పింగ్ అంటే ఇదే, ఎర్ర లైటు చెప్పేదీ దీన్నే. పూర్తిగా చదునైన అల, అంతే ఎత్తున్న మామూలు అల కంటే రెండింతల పవర్ మోస్తుంది. పైగా అసలు పాటలో లేని పదునైన శబ్దాలు పుట్టి టాప్స్‌లోకి పోతాయి. హార్న్ డయాఫ్రమ్ ఎందుకు కాలిపోయిందని కోఠి గుజరాతీ గల్లీకి మోసుకుపోతాం కదా, చాలాసార్లు దాని కారణం ఆంప్లిలో లేదు. మన వేలికి, గెయిన్ నాబ్‌కు మధ్య ఉంది.

పాట పాటకూ గెయిన్ మారాలి. ఘంటసాల పాట ఒకటి పెట్టి, వెంటనే ఈ ఏడాది వచ్చిన మాస్ పాట పెట్టండి. నాబ్ కదపకుండానే రెండోది మీద పడ్డట్టు వస్తుంది. కొత్త పాటలను స్టూడియోలోనే పైకప్పు దాకా నొక్కి ఇస్తున్నారు. పాత రికార్డింగ్‌లో మెల్లగా ఉండే చోటు, గట్టిగా ఉండే చోటు వేరువేరుగా మిగిలాయి. ఈ తేడా సరిచేయడానికి 2001లో డేవిడ్ రాబిన్సన్ రీప్లేగెయిన్ అనే పద్ధతి ప్రతిపాదించాడు. పాట మొత్తాన్ని కంప్యూటర్ చదివి, చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో లెక్కగట్టి, ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో పక్కన రాసి పెట్టుకుంటుంది. పాట ఫైలు చెడదు. ఉచితంగా దొరికే మిక్స్ సాఫ్ట్‌వేర్‌లో (పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి) ఇదే వాడతారు. వర్చువల్ డీజే, సెరాటో, రికార్డ్‌బాక్స్, ట్రాక్టర్ అన్నింటిలోనూ ఆటో గెయిన్ ఉంది. ఈ రాత్రే సెట్టింగ్స్ తెరిచి ఆన్ చేయండి. ఒక మాట: పాటలన్నీ ఇంట్లోనే అనలైజ్ చేసి పెట్టుకోవాలి. బరాత్ నడుస్తుండగా పెళ్లికొడుకు దోస్తు పెన్‌డ్రైవ్ తెచ్చి 'అన్నా, ఈ పాట' అంటే, అనలైజ్ కాని పాటకు ఆటో గెయిన్ లెక్క ఉండదు. దాన్ని హెడ్‌ఫోన్‌లో విని, గెయిన్ తగ్గించి, అప్పుడు ఫేడర్ ఎత్తండి.

ఇక యూట్యూబ్ నుంచి దించి, దాని మీద బేస్ ఎక్కించి, మళ్లీ ఎంపీ3 చేసి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే 'రోడ్‌షో స్పెషల్' రీమిక్సులు. వాటిలో అల తల ముందే తెగి ఉంటుంది. మీ దగ్గర ఎంత తగ్గించినా తెగిన తల తిరిగి రాదు. వాటిని డిలీట్ చేయండి. మొహమాటం వద్దు.

లెవెల్ పెట్టే క్రమం

ముందు ఛానల్ ఫేడర్ పూర్తిగా పైకి. ఈక్యూ మూడు నాబ్‌లూ నిట్టనిలువుగా మధ్యలో. పాటలో మెల్లగా ఉండే మొదలు పెట్టి లెవెల్ చూసుకోవడం అందరూ చేసే తప్పు. డ్రాప్ వచ్చే చోటు, అన్ని వాయిద్యాలూ మోగే చోటు పెట్టండి. మీటర్ ఆకుపచ్చ పైకొసన ఆడాలి, దెబ్బ పడినప్పుడు మాత్రం పసుపు తాకి దిగాలి. గెయిన్ అక్కడ ఆపండి. రెండో డెక్‌కూ అంతే.

రెండు పాటలూ కలిసినప్పుడు అసలు పరీక్ష. ఒకే లెవెల్‌లో ఉన్న రెండు పాటలు కలిస్తే మాస్టర్ సుమారు 3 డీబీ పెరుగుతుంది. రెండు కిక్కులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే 6 డీబీ దాకా. విడివిడిగా ఆకుపచ్చలో ఉన్న రెండు డెక్కులు కలిసి మాస్టర్‌ను ఎర్రగా చేసేది ఇందుకే. కాబట్టి మాస్టర్ శిఖరాలు సున్నాకు 6 డీబీ కిందే ఉండేట్టు చూసుకోండి. పాట మార్చేటప్పుడు లోపలికొచ్చే పాట బేస్ దించి తీసుకురండి. పాతదాని బేస్ దించాక కొత్తదాని బేస్ ఎత్తండి. 'బేస్ పెంచు భాయ్' అన్నప్పుడు లో నాబ్ కుడికి తిప్పడం కూడా గెయిన్ పెంచడమే. దాన్ని మరిచిపోయి మాస్టర్‌ను అనుమానిస్తాం.

లిమిటర్ ఆన్ ఉంది కదా, ఏం కాదు అనే తమ్ముళ్లకు. సాఫ్ట్‌వేర్‌లోని లిమిటర్ ఎర్ర లైటును దాస్తుంది, నొక్కుడును ఆపదు. అది అప్పుడప్పుడు పట్టుకోవడానికి ఉంది. రాత్రంతా దాని మీద వాలిపోతే పాటలో ఊపిరి పోతుంది, డాన్స్ ఫ్లోర్ మీద జనం ఎందుకు తగ్గారో మీకు అర్థం కాదు.

లాప్‌టాప్ లోపలి పని అయ్యాక బయటి దారి. విండోస్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి, నోటిఫికేషన్లు ఆఫ్ చేయండి. వాట్సాప్ టింగుమన్న శబ్దం పదివేల వాట్లలో విన్న పెళ్లిపందిరి మరిచిపోదు. కంట్రోలర్ మాస్టర్ మధ్యకు. మిక్సర్ ఫేడర్ సున్నా గీత దగ్గర పెట్టి, ఛానల్ గెయిన్‌తో మీటర్‌ను సున్నా చుట్టూ తెచ్చుకోండి. ఎక్స్‌ఎల్ఆర్ ఉంటే అదే వాడండి. ఆర్‌సీఏ నుంచి వచ్చే లెవెల్ సుమారు 12 డీబీ తక్కువ ఉంటుంది, ఆ లోటు పూడ్చబోయి లాప్‌టాప్‌లో గెయిన్ ఎత్తితే మళ్లీ మొదటికొచ్చాం. ఆంప్లి అన్నింటికంటే చివర ఆన్ కావాలి, ముందు ఆఫ్ కావాలి. దాని నాబ్‌లు సున్నా నుంచి మెల్లగా ఎత్తి, హాలుకు చాలిన చోట ఆపండి. జనం నిండాక బట్టలు, ఒళ్లు హై సౌండ్‌ను పీల్చుకుంటాయి. అప్పుడు పెంచాల్సిన కొద్దిపాటి చోటు ఆంప్లిలో మిగిలి ఉండాలి.

'ఇంకొంచెం' ఖరీదు ఎంత?

వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డీబీ. చెవికి రెండింతలైందని అనిపించాలంటే సుమారు 10 డీబీ కావాలి, అంటే పది రెట్లు పవర్. ఎర్ర లైటులో దొరికే చివరి రెండు డీబీల కోసం డబ్బాలు కాల్చుకుంటే, ఎదుట ఉన్నవాడికి వినపడేది గరగర మాత్రమే.

ఇప్పుడు పంజాగుట్టలో మనం నిలబడ్డ చోటు చూడండి. నిమ్స్ ఆస్పత్రి ఇక్కడే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం కావచ్చు. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. ఇళ్ల మధ్య 55, 45. వ్యాపార వీధుల్లో 65, 55. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ పెడితే ఆ స్థలం హద్దు దగ్గర ఈ లెక్క కంటే 10 ఎక్కువ, లేదా 75, ఏది తక్కువైతే అది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా తలుపులు మూసిన హాలు లోపల తప్ప ఎక్కడా వద్దు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల దాకా సడలింపు ఇవ్వొచ్చు, అంతే.

లెక్క కడదాం. డబ్బాల ముందు 10 మీటర్ల దగ్గర 100 డెసిబెల్స్ ఉందనుకోండి. మైదానంలో దూరం రెండింతలైనప్పుడల్లా 6 తగ్గుతుంది: 20 మీటర్లకు 94, 40కి 88, 80కి 82. మన గల్లీల్లో రెండు పక్కలా నాలుగంతస్తుల గోడలు సౌండ్‌ను తిరగ్గొడతాయి కాబట్టి అంత కూడా తగ్గదు. ఐసీయూ అద్దం దగ్గర ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. హాస్టల్లో రేపు ఇంటర్వ్యూ ఉన్న పిల్లవాడి దిండు దగ్గర కూడా.

ఇంకో మెలిక ఉంది. చట్టంలోని డెసిబెల్ చెవి వినే తీరులో లెక్కగట్టింది. 50 హెర్ట్జ్ బేస్‌ను ఆ మీటర్ సుమారు 30 డీబీ తగ్గించి చూపుతుంది. ఫోన్ యాప్‌లో అంకె మర్యాదగా ఉన్నా ఎదురింటి తలుపులు కొట్టుకునేది ఇందుకే. ఫోన్ యాప్ ఎటూ అంచనాకే పనికొస్తుంది. హద్దు దగ్గరికి నడిచి వెళ్లి, కిటికీ మీద అరచేయి పెట్టి చూడండి. అది అదురుతుంటే సబ్ తగ్గించండి.

కాలుష్య నియంత్రణ మండలి పంజాగుట్టలో రాత్రింబగళ్లు శబ్దం కొలుస్తోంది. 2011లో ఏడు నగరాల్లో మొదలైన జాతీయ శబ్ద పరిశీలనలో మన కూడలి కూడా ఒక కేంద్రం. బస్సులు, హారన్లు ఆ మీటర్‌ను నింపుతున్నాయి, నిజమే. అందుకని అందులో మన వంతు కూడా పోయాలా?

మన చెవుల సంగతి

కస్టమర్ మూడు గంటలు విని పోతాడు. మనం సీజనంతా డబ్బాల పక్కనే. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. 3 పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీతం మోగే వేదికలకు పెట్టిన ప్రమాణం కూడా 15 నిమిషాల సగటు 100 దాటొద్దనే. చెవి లోపలి సన్నని వెంట్రుక కణాలు చచ్చిపోతే గుజరాతీ గల్లీలో స్పేర్ దొరకదు. మెడికల్ షాపులో ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. హెల్పర్లకూ కొనివ్వండి. డబ్బాలు మోసేవాడికి చెవులుండవా?

పెళ్లివారూ, కమిటీ పెద్దలూ, ఇది మీతో!

ఆపరేటర్ వెనక నిలబడి 'పైసలిచ్చినం, పెంచు' అనేది మీరే. ఒప్పుకుంటే సౌండ్ పగులుతుంది, ఒప్పుకోకపోతే బాకీ ఎగ్గొడతారు. పోలీసు వచ్చినప్పుడు మాత్రం ఠాణాకు పోయేది ఆంప్లి, దాని వెంట ఆపరేటర్. ఈ పద్ధతి మారాలి. గట్టిగా కావాలంటే మొదటే చెప్పండి, ఎక్కువ డబ్బాలు తెచ్చి తక్కువ లెవెల్‌లో, జనం వైపు తిప్పి, హాలంతా సమానంగా పంచుతాం. నాలుగు డబ్బాలను చీల్చడం కంటే ఎనిమిదింటిని సగంలో నడపడం మేలు. అద్దె కొంచెం ఎక్కువవుతుంది, అది నిజం.

అన్నలారా, తమ్ముళ్లారా! ఊరేగింపుల్లో డీజే నిషేధం మీద కమిషనర్ ఆఫీసుకు అర్జీ పెడదామని కొందరు అంటున్నారు. పెడదాం. అర్జీతో పాటు చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. ఈ సీజన్ ప్రతి ప్రోగ్రాంలో హద్దు దగ్గర కొలిచిన అంకె, టైము, చోటు ఒక నోట్‌బుక్‌లో రాయండి. మీటర్ ఉన్నవాడు లేనివాడికి ఒక పూట ఇవ్వండి. కొత్తగా కంట్రోలర్ కొన్న తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని ముందు గెయిన్ నేర్పండి, స్క్రాచింగ్ తరవాత.

కొత్త రసీదు పుస్తకం కొట్టించేటప్పుడు అడుగున ఈ మూడు ముక్కలు అచ్చు వేయించండి, బయానా తీసుకునే ముందు సంతకం పెట్టించుకోండి:

సౌండ్ లెవెల్ ఆపరేటర్ నిర్ణయం. ఎర్ర లైటు దాకా పెంచమని అడగరాదు. ఆరుబయట రాత్రి 10కి బంద్.

— అమీర్‌పేట, పంజాగుట్టల్లో సౌండ్ పనితో బతికే కొందరం