కచేరీలో లేనివారి జవాబు

రామతీర్థమునుండి మా పాఠకులొకరు తమ యనుభవమును వివరించి జాబు వ్రాసినారు. వారికి ఆ గ్రామమున కొలదిపాటి మెట్టభూమి కలదు. దాని సరిహద్దును గూర్చి యొక కచేరీకి ఈమెయిలు మూలమున అర్జీ పంపుకొనిరి. పంపిన రెండు నిమిషములలోనే జవాబు వచ్చెను. సర్కారు జాబు ఇంత వేగముగ రాగలదని వారెన్నడు నెరుగరు గావున సంతోషముతో తెరచి చూచిరి. "నేను సెలవులో నున్నాను. తిరిగి వచ్చిన పిమ్మట మీ జాబు చూడబడును" అని ఇంగ్లీషున రెండు పంక్తులు మాత్రముండెను. సెలవు ఎంతవరకో లేదు. ఆ నడుమ పని ఎవరు చూచుచున్నారో లేదు. మూడు వారములు వేచి మరల వ్రాసిరి. మరల రెండు నిమిషములలో అదే జవాబు. ఓపిక నశించి స్వయముగ పోయి చూడగా, ఆ యధికారి తమ కుర్చీలోనే కూర్చుండి కాగితములపై సంతకములు చేయుచుండిరట! సెలవు ముగిసి పదునైదు దినములైనను, పోవునప్పుడు పెట్టిన యంత్రపు జవాబును ఆపవలెనను జ్ఞాపకము ఎవరికిని లేకపోయెను. ఇందు నవ్వదగినది కొంత కలదు. కాని అర్జీదారునకు పోయిన దినములు నవ్వినందున తిరిగి రావు.

"దొరగారు క్యాంపులో నున్నారు" అను మాటను మన తాతతండ్రులు కచేరీ గుమ్మమున బంట్రోతు నోట పలుమారులు వినియుండిరి. ఐనను ఆ బంట్రోతునందు ఒక సౌకర్యము కలదు. ఏ యూర క్యాంపు, ఎన్నడు వత్తురు, అంతవరకు సంతకము చేయువారెవరు అని గట్టిగా అడిగినచో, చేతిలో నేదైన పడిన పిదపనైనను, నిజము చెప్పెడివాడు. లోపల తపాలు గుమాస్తా అర్జీని పుచ్చుకొని తేదీముద్ర వేసెడివాడు. నేటి యంత్రమో, నేర్పిన రెండు పంక్తులు తప్ప మరియొక మాట పలుకదు. మారు ప్రశ్న వేయ వీలులేదు. కావున ఆ రెండు పంక్తులలో నేమి యుండవలెనో ముందుగ యోచించుట పెట్టినవాని బాధ్యత. రామతీర్థవాసి యైనచో విజయనగరమునకు ఒక పూటలో పోయి రాగలడు. ఆ గ్రామమునందే పొలములుంచుకొని విశాఖపట్టణమునను, హైదరాబాదునను, సముద్రములకావలను ఉద్యోగములు చేయువారి మాటయేమి? వారికి ఈమెయిలే కచేరీ గుమ్మము.

ఇట్టి జవాబును వట్టి మర్యాదగా నెంచువారు పొరబడుచున్నారు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 12వ సెక్షనును చదివి చూడవలెను. జాబు చేరినదని తెలుపుటకు ప్రత్యేకమైన రీతిని పంపినవాడు నిర్దేశింపనియెడల, జాబు పుచ్చుకొన్నవాడు యంత్రమూలముగ గాని మరియొక విధముగ గాని పంపిన యే సమాచారమైనను రసీదుగా చెల్లునని అందు స్పష్టముగ చెప్పబడినది. అనగా "నేను సెలవులో నున్నాను" అను జవాబు, పంపినవాని యుద్దేశ మేదియైనను, "నీ జాబు నాకు చేరినది" అని ఒప్పుకొనుటయే యగునని మా యభిప్రాయము. వెనుకటి తపాలు గుమాస్తా వేసిన తేదీముద్ర ఇదియే. సమాచారపు హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టువారు దీనిని మరువరాదు. 2005 నాటి ఆ చట్టము ప్రకారము దరఖాస్తును ఎలక్ట్రానిక్ మార్గమున పంపవచ్చును. ఆ ప్రాంతపు అధికారభాషలో వ్రాయవచ్చును. చేరిన 30 దినములలోపల జవాబు రావలెను. ప్రాణమునకు గాని స్వేచ్ఛకు గాని సంబంధించిన విషయమైనచో 48 గంటలలో రావలెను. అధికారి సెలవు దినములను ఈ గడువునుండి మినహాయించు మాట ఆ సెక్షనులో మాకు కానరాలేదు. యంత్రపు జవాబు రాగానే విసుగుతో చెరిపివేయువారు తమ రసీదును తామే చించివేసుకొనుచున్నారు.

ఈ యంత్రము నిన్న మొన్నటిది గాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బర్క్‌లీ నుండి వెలువడిన యూనిక్సు వ్యవస్థలో, 1986 నాటికే, ఎరిక్ ఆల్‌మన్ వ్రాసిన 'వెకేషన్' అను చిన్న ప్రోగ్రాము చేరియున్నది. ఒకే మనుష్యునకు వారమున కొకసారికంటె ఎక్కువగ జవాబు పోకుండ అందులో కట్టుదిట్టము చేసిరి. కారణము విచిత్రము. సెలవులో నున్న ఇద్దరి యంత్రములు ఒకదానికొకటి జవాబులు వ్రాసుకొన మొదలిడినచో, ఉభయులు సెలవు ముగించుకొని వచ్చువరకు ఆ సంభాషణ ఆగదు గదా! యంత్రము పంపిన జాబునకు యంత్రము బదులు వ్రాయరాదను నియమమును 2004లో వెలువడిన యొక ఇంటర్నెట్ ప్రమాణపత్రములో వివరముగ వ్రాసియున్నారు.

ఇక పెట్టు విధానము మిక్కిలి సులభము. జీమెయిలు వాడువారు కంప్యూటరుపై సెట్టింగులను పూర్తిగ తెరచి, మొదటి పుటలో అడుగుభాగమునకు పోయినచో 'వెకేషన్ రెస్పాండర్' కనబడును. మొదటి దినము, కడపటి దినము, శీర్షిక, వ్రాయదలచిన మాటలు అందు నింపి భద్రపరుపవలెను. కడపటి దినమును నింపుట ఐచ్ఛికము. మా రామతీర్థపు పాఠకునకు కలిగిన కష్టమంతయు ఇట్టి గడిని ఖాళీగ విడుచుటవలన వచ్చినదే యని మా యూహ. ఆ గడి నింపిన పక్షమున ఆనాటి రాత్రితో యంత్రము తనంతట తాను ఊరకుండును. ఒకరే మరల మరల వ్రాసినచో నాలుగు దినములు గడచిన పిదపగాని వారికి రెండవ జవాబు పోదు. ఔట్‌లుక్కులో ఆటోమేటిక్ రిప్లై క్రింద ఇట్లే కాలపరిమితి కలదు. అదిగాక, కచేరీలోని సహోద్యోగులకు ఒక జవాబును, వెలుపలివారికి వేరొక జవాబును వ్రాయవచ్చును. ఈ భేదము పాటింపదగినది. ఏ యూరికి పోవుచున్నది, ఇంట నెవరున్నది మున్నగు సంగతులు తోటివారికి తెలిసిన నష్టము లేదు; ముక్కు మొగ మెరుగని వారికందరికి చాటుట మాత్రము వీధితలుపునకు తాళము వేసి, తాళపుచెవి యెక్కడ నున్నదో దానిపై వ్రాసిపెట్టుటవంటిది.

భాషను గూర్చియు ఒక మాట. 2008లో వేల్సు దేశమునందు స్వాన్‌సీ నగరపాలకులు, భారీ లారీలు ఈ దారిని పోరాదని యొక బోర్డు వ్రాయింపదలచి, ఇంగ్లీషు మాటలను వెల్షులోనికి మార్చుటకై అనువాదకునకు ఈమెయిలు పంపిరి. వెంటనే వెల్షుభాషలో జవాబు వచ్చెను. అదియే అనువాదమని తలచి, బోర్డుపై వ్రాయించి, బాటప్రక్కన నాటించిరి. "నేను ప్రస్తుతము కచేరీలో లేను, అనువదింపవలసిన పని యున్న పంపుడు" అని దాని యర్థము! వెల్షు చదువ నేర్చినవారు చూచి చెప్పువరకు లోపము బయలుపడలేదు. ఆ జవాబు రెండు భాషలలో నుండినచో బోర్డు వ్రాయించినవారు నవ్వులపాలు కాకపోదురు. మన రాష్ట్రమున స్థితి తలక్రిందులు. ఇచట వ్రాయువాడు తెలుగువాడు, చదువువాడు తెలుగువాడు, నడుమ యంత్రము మాత్రము ఇంగ్లీషు మాటలాడుచున్నది. అధికారభాషగ తెలుగును నిర్ణయించిన చట్టము 1966లోనే వచ్చినది. జీమెయిలైనను ఔట్‌లుక్కైనను తెలుగులిపిని కాదనుట లేదు. యంత్రము లేని యభ్యంతరము మనుష్యుల కేల?

యంత్రపు జవాబు పెట్టుకొని ఊరికి పోవువారి పక్షమునను చెప్పవలసినది కలదు. రామతీర్థము రామక్షేత్రమైనను శివరాత్రి జాగరణకు ప్రసిద్ధి కెక్కినది. పట్టణములలో కొలువులు చేయు మన పిల్లలు ఆ రాత్రికి తలిదండ్రులను చూడవత్తురు. కొండక్రింద కూర్చుండియు చేతిలోని ఫోనును అయిదు నిమిషముల కొకసారి తెరచి, యజమాని జాబులకు బదులు వ్రాయు యువకులను పాఠకులు చూచియే యుందురు. వా రాచరించుచున్నది ఎవరి జాగరణ? ఫ్రాన్సులో పనివేళలు దాటిన పిదప ఇట్టి జాబులకు లొంగకుండు హక్కును గూర్చి పెద్ద సంస్థలు ఉద్యోగులతో సంప్రదింపవలెనను శాసనము 2017 జనవరినుండి అమలులోనికి వచ్చినది. జర్మనీలో డైమ్లరు మోటారు కంపెనీవారు 2014 నాటికి మరియొక యడుగు ముందుకు వేసిరి. సెలవులో నున్న ఉద్యోగి కోరినచో, అతనికి వచ్చిన జాబును యంత్రము చెరిపివేసి, ఆ సంగతిని, బదులుగా ఎవరికి వ్రాయవలెనో అను వివరమును పంపినవానికి తెలుపును. మన సర్కారు కచేరీలలో అర్జీని చెరిపివేయు పద్ధతిని మేము ఎంతమాత్రము అంగీకరింపము. కాని ప్రత్యామ్నాయపు మనిషి పేరు చెప్పుట అనివార్యమైనచో సెలవు నిశ్చింతగ గడచునను సూక్ష్మమును గ్రహింపవలెను. పేరు చెప్పని జవాబు అర్జీదారునకును, సెలవులో నున్నవానికిని సమానముగ కీడు చేయును; వీడు వేచియుండును, వాడు తిరిగి వచ్చి కుప్పలో పడును.

ప్రభుత్వమువారు చేయవలసినది స్వల్పము. అధికారి సెలవుపై పోవునప్పుడు ఛార్జి ఎవరికి ఒప్పగించినదియు ఆర్డరు వ్రాయు ఆచారము ఉండనే యున్నది. యంత్రపు జవాబు పెట్టబడినదా, అందు ఛార్జి పుచ్చుకొన్నవారి హోదా, చిరునామా, కడపటి తేదీ కలవా అను ప్రశ్నను ఆ యార్డరులోనే చేర్చవలెను. ప్రజలకు ప్రకటించు ఈమెయిలు చిరునామా మనిషి పేర గాక హోదా పేర నుండవలెను. అట్లున్నచో బదిలీతో అర్జీలు కూడ బదిలీ కావు. జవాబునకు మా నమూనా ఇది: "మీ జాబు చేరినది. ఫలానా తేదీవరకు నేను సెలవులో నుందును. అంతవరకు ఈ పనిని ఫలానా హోదాలోని వారు చూతురు. వారి చిరునామా ఇది. తిరిగి వచ్చిన పిదప మీ జాబును చూచి బదులు వ్రాయుదును." ఇంతకుమించి యక్కరలేదు. దేవుని స్తోత్రములు, సూక్తిముక్తావళులు క్రింద చేర్చు అలవాటు కొందరికి కలదు. అర్జీదారునకు వానితో పని లేదు.

మా రామతీర్థపు పాఠకులు తమకు వచ్చిన రెండు జవాబులను తేదీలతోసహా అచ్చు తీయించినారు. వానిని మూడవ అర్జీకి జతచేసి, వచ్చు సోమవారము విజయనగరమున జిల్లా కలెక్టరు కచేరీలో అర్జీలు పుచ్చుకొనువేళకు స్వయముగ దాఖలు చేయనున్నట్లు మాకు తెలిపినారు.