కాయిల్‌కి పట్టిన మాడు: ఏ వేప్ రివ్యూలోనూ కనిపించని స్పెక్

ఫోన్ రివ్యూ విషయంలో మనం ఎంత పట్టింపుగా ఉంటామో తెలిసిందే. గేమింగ్‌లో రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే చార్ట్ పెట్టి మరీ చూపిస్తాం. బాక్సులో ఛార్జర్ లేకపోతే పేరాలకు పేరాలు తిడతాం. అదే విదేశీ ఛానెళ్లలో వచ్చే వేప్ రివ్యూలు చూడండి. బ్యాటరీ ఎంత, డిస్‌ప్లే ఉందా, ఫ్లేవర్ ఎలా ఉంది, పొగ ఎంత దట్టంగా వస్తోంది... ఎక్కువగా ఇవే. కొన్నాళ్లు వాడాక లోపల కాయిల్‌కి నల్లగా, జిగటగా పట్టే మాడు గురించి మాట్లాడినా "ఇక కాయిల్ మార్చుకోండి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ మాడు మెయింటెనెన్స్ విషయం కాదు. డివైస్ లోపల అసలేం జరుగుతోందో చెప్పే లాగ్ ఫైల్ అది. దాన్ని చదవకుండా ఇచ్చే రేటింగ్‌కి విలువ లేదు.

ఆ నలుపు ఎలా వస్తుంది?

వేప్ హార్డ్‌వేర్ చాలా సింపుల్. ఒక లిథియం అయాన్ సెల్, ఒక చిన్న సర్క్యూట్, నైక్రోమ్, కంథాల్, స్టీల్ లాంటి లోహంతో చేసిన హీటింగ్ కాయిల్, దాన్ని ఆనుకుని దూది వత్తి. దీపం వత్తి నూనె పీల్చినట్టే ఇది లిక్విడ్‌ని పీల్చి కాయిల్‌కి అందిస్తుంది. లిక్విడ్‌లో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వాటికి తోడు నికోటిన్, ఫ్లేవర్లు, చాలావాటిలో స్వీటెనర్.

ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతాయి. సుక్రలోజ్ లాంటి స్వీటెనర్లు, కొన్ని ఫ్లేవర్ పదార్థాలు అలా తేలిగ్గా ఆవిరి కావు. వేడికి విరిగిపోయి అక్కడే అంటుకుంటాయి. పాయసం అడుగంటితే గిన్నెకి పట్టే మాడు లాంటిదే ఇది కూడా. తియ్యటి ఫ్లేవర్లు వాడేవాళ్ల కాయిల్స్ త్వరగా నల్లబడటానికి కారణం ఇదే.

అసలు డిజైన్ సమస్య దీని తర్వాత మొదలవుతుంది. వత్తి తడిగా ఉన్నంతసేపూ లిక్విడ్ మరుగుతూ కాయిల్ వేడిని లాక్కుపోతుంది. అంటే కాయిల్‌కి కూలింగ్ ఆ లిక్విడే. మాడు పేరుకుని వత్తి మూసుకుపోతే లిక్విడ్ సరిగా అందదు, వేడి పెరుగుతుంది, ఇంకా ఎక్కువ పదార్థం విరుగుతుంది, ఇంకా మాడు పడుతుంది. దీన్నే మనం పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్ అంటాం. పేరుకే పాజిటివ్, అందులో మంచేమీ లేదు.

మిగిలింది కనిపిస్తోంది, మరి పోయింది ఎటు పోయింది?

కాయిల్ మీద కనిపించేది అక్కడే ఉండిపోయిన భాగం మాత్రమే. అదే వేడికి విరిగి ఆవిరితో కలిసి బయటికొచ్చిన భాగం ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. గ్లైకాల్, గ్లిజరిన్ అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎక్రోలిన్ పుడతాయి. సుక్రలోజ్ కలిస్తే ఈ విచ్ఛిన్నం మరింత పెరుగుతుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది.

2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక లెక్క చూపించారు. 3.3 వోల్టుల దగ్గర కనిపించని ఫార్మాల్డిహైడ్ సమ్మేళనాలు 5 వోల్టుల దగ్గర కనిపించాయి. "అంత వేడిలో మాడు రుచి వస్తుంది, దాన్ని ఎవరూ పీల్చరు" అని దానిమీద విమర్శలొచ్చాయి. న్యాయమైన విమర్శే, ఒప్పుకుంటా. కానీ నాకు అందులో ముఖ్యంగా కనిపించింది వేరే: ఏం పీలుస్తామన్నది సీసా మీది లేబుల్ ఒక్కటే తేల్చదు, కాయిల్ వేడి కూడా తేలుస్తుంది. మరి ఆ వేడి ఎంతో బాక్స్ మీద ఎవరు రాస్తున్నారు?

లోహాల సంగతి ఇంకోటి. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు రోజూ వేప్ వాడే 56 మంది సొంత డివైస్‌లను పరీక్షించారు. రీఫిల్ సీసాలోని లిక్విడ్‌తో పోలిస్తే ఆవిరిలో సీసం మధ్యస్థ స్థాయి 25 రెట్లకు పైగా ఎక్కువ ఉంది. క్రోమియం, నికెల్ లాంటివీ కనిపించాయి. సీసాలో దాదాపు లేనిది ఆవిరిలో ఉందంటే డివైస్ నుంచే వచ్చినట్టు కదా!

"కాయిల్ మారిస్తే పోదా?"

ఈ మాట బాగా వినిపిస్తుంది. కాయిల్ మారిస్తే మాడు పోతుంది, నిజమే. కానీ అదే జాన్స్ హాప్కిన్స్ అధ్యయనంలో, తరచుగా కాయిల్ మార్చేవాళ్ల డివైస్‌లలో ఆవిరిలో లోహాలు ఎక్కువగా ఉండే ధోరణి కనిపించింది. కొత్త కాయిల్ లోహాన్ని తేలిగ్గా వదులుతుందేమో అన్నది వాళ్ల అంచనా. అంటే పాత కాయిల్‌తో మాడు, కొత్త కాయిల్‌తో లోహం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"టెంపరేచర్ కంట్రోల్ మోడ్ ఉందిగా" అని ఇంకొందరు అంటారు. ఫీచర్‌గా మంచిదే. కానీ చాలావాటిలో కాయిల్ దగ్గర విడిగా సెన్సర్ ఉండదు. వేడికి తీగ రెసిస్టెన్స్ ఎంత మారిందో చూసి అంచనా కడతారు. నికెల్, టైటానియం, స్టీల్ తీగలతో ఇది కుదురుతుంది. కంథాల్ రెసిస్టెన్స్ వేడికి పెద్దగా మారదు కాబట్టి దానితో కుదరదు. పైగా వచ్చేది మొత్తం తీగ సగటు. మాడు పట్టిన ఒక మూల ఎంత కాలిపోతోందో ఆ సగటులో కనిపించదు. ఫోన్‌లో మొత్తం సీపీయూ వాడకం 30 శాతం అని చూపిస్తూ ఒక్క కోర్ మాత్రం 100 దగ్గర ఉంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

డిస్పోజబుల్స్: లాగ్స్ దాచేసిన డివైస్

రీఫిల్ చేసుకునే వాటిలో కనీసం విప్పి చూస్తే కాయిల్ కనిపిస్తుంది. డిస్పోజబుల్‌లో ఆ అవకాశమే లేదు, అంతా సీల్. వేల పఫ్‌లు వస్తాయని ప్రచారం చేసే మోడళ్లలో కాయిల్, వత్తి ఏ స్థితిలో ఉన్నాయో వాడేవాడికి తెలిసే దారే ఉండదు. 2025లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు కొన్ని డిస్పోజబుల్స్‌ని పరీక్షిస్తే సీసం, నికెల్, యాంటిమనీ బయటపడ్డాయి. కొన్నింటిలో సీసం కలిసిన లోహ భాగాల నుంచి ఆ సీసం లిక్విడ్‌లోకి దిగుతోంది. పర్యావరణం, పిల్లల వాడకం కారణాలుగా చూపి బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుల్స్ అమ్మకాన్ని నిషేధించింది.

రెండో వైపు కూడా చూద్దాం

సిగరెట్ కన్నా వేప్ హాని తక్కువ అన్న వాదన ఉంది. బ్రిటన్ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా పొగ మానాలనుకునేవాళ్లకి ఆ మాటే చెప్తుంది. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ అదే ఎన్‌హెచ్‌ఎస్ పొగతాగని వాళ్లని వేప్ జోలికి వెళ్లొద్దంటోంది. స్క్రీన్, గేమ్‌లు పెట్టి, రంగురంగుల బాడీతో అమ్మే డివైస్ ఎవరి కోసం తయారైంది? ముప్పై ఏళ్లుగా సిగరెట్ తాగుతున్న పెద్దాయన కోసమైతే కాదు. గ్యాడ్జెట్లంటే పడిచచ్చే మనలాంటి వాళ్ల కోసం.

మన దేశంలో 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి అమ్ముతూ దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా దొంగదారిలో సరుకు వస్తూనే ఉంది. అలా వచ్చిన దానికి వారంటీ, సర్వీస్ సెంటర్ ఉండవు. లేబుల్ మీద రాసిందే లోపల ఉందని చెప్పే నాథుడూ ఉండడు. ఊరూపేరూ లేని ఏపీకే ఫైల్‌ని ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయడానికి వందసార్లు ఆలోచిస్తాం కదా. ఇది ఇన్‌స్టాల్ అయ్యేది ఊపిరితిత్తుల్లో.

నా వెర్డిక్ట్

ఏ వేప్ రివ్యూ అయినా ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కాయిల్ ఏ లోహం? మాడు పట్టాక అది ఎంత వేడెక్కుతోంది? లిక్విడ్‌లో ఏమేం ఉన్నాయి? నెల వాడాక విప్పి చూస్తే లోపల ఏం మిగిలింది? ఎవరైనా ఫ్రెండ్ కొత్త డివైస్ తీసి "స్క్రీన్ చూడు మామా, అదిరిపోయింది" అంటే ముందు ఇవే అడగండి. థర్మల్స్ చెప్పని ఫోన్‌ని మనం రికమెండ్ చేయం. దీనికి మాత్రం మినహాయింపు ఎందుకివ్వాలి?